ఒంటారియోలో ప్రత్యామ్నాయ ప్రాథమిక విద్య సమీక్షలు, తల్లిదండ్రుల ఆందోళనలు

కెనడాలోని ఒంటారియో ప్రావిన్సులో ప్రభుత్వ నిధులతో నడిచే కొన్ని పాఠశాలా బోర్డులు మామూలు బడులతో పాటు, బోధనా పద్ధతిలో వాటికి భిన్నమైన ప్రత్యామ్నాయ ప్రాథమిక పాఠశాలలను కూడా నిర్వహిస్తాయి. వీటిలో ఫీజు ఉండదు. టీచర్లు బోర్డు ఉద్యోగులే, పాఠ్యప్రణాళిక ప్రావిన్సుదే. వీటిని కొనసాగించాలా, మార్చాలా, ఎత్తివేయాలా అని బోర్డులు అప్పుడప్పుడు సమీక్షలు జరుపుతాయి. అలాంటి ప్రతి సందర్భంలోనూ తల్లిదండ్రుల నుంచి గట్టి ప్రతిస్పందన వస్తుంది. టొరంటో, ఒటావా నగరాల అనుభవం ఈ వివాదానికి ప్రధాన ఉదాహరణ. ఈ బడుల చరిత్ర, నడిచే తీరు, సమీక్షా విధానం, తల్లిదండ్రుల అభ్యంతరాలు, వాటికి బోర్డుల సమాధానాలు ఈ వ్యాసంలో ఉన్నాయి.

నిర్వచనం, పరిధి

ఒంటారియోలో ప్రాథమిక విద్య కిండర్‌గార్టెన్ నుంచి ఎనిమిదో తరగతి వరకు సాగుతుంది. మన లెక్కలో అది ప్రాథమిక, ప్రాథమికోన్నత దశలు రెండూ కలిసినది. నాలుగేళ్ల వయసులో బడిలో చేరిన పిల్లలు పదమూడు, పద్నాలుగేళ్ల వరకు అక్కడే ఉండవచ్చు. అందువల్ల ఒక బడి తీరు మారితే కుటుంబం మీద పడే ప్రభావం చాలా ఏళ్ల పాటు ఉంటుంది.

‘ప్రత్యామ్నాయ’ అనే విశేషణం అక్కడ వేర్వేరు వ్యవస్థలకు వర్తిస్తుంది. వాటన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. హైస్కూలు చదువు మధ్యలో ఆపేసే ప్రమాదంలో ఉన్న 14 నుంచి 17 ఏళ్ల విద్యార్థులకు ‘పర్యవేక్షిత ప్రత్యామ్నాయ అభ్యసనం’ అనే ఏర్పాటు ఉంది. దానికీ ఈ వ్యాస విషయానికీ సంబంధం లేదు. మాంటిస్సోరి, వాల్డార్ఫ్ వంటి ప్రైవేటు బడులు కూడా ఈ పరిధిలోకి రావు. ఒంటారియో ప్రభుత్వం ప్రైవేటు పాఠశాలలకు నిధులివ్వదు. ప్రభుత్వ సొమ్ముతో స్వతంత్రంగా నడిచే చార్టర్ పాఠశాలలు కెనడాలో అల్బెర్టా ప్రావిన్సులో తప్ప లేవు. కాబట్టి భిన్నమైన పద్ధతిలో చదువు కావాలనుకుని ఫీజు కట్టలేని ఒంటారియో కుటుంబానికి, ఇంటి చదువును మినహాయిస్తే, బోర్డు నడిపే ప్రత్యామ్నాయ బడి ఒక్కటే దారి. సమీక్ష అనగానే తల్లిదండ్రులు అంతగా కలవరపడటానికి మూలం ఇక్కడుంది.

పాఠశాలా బోర్డు స్వరూపం

తెలుగు రాష్ట్రాల్లో బోర్డు అంటే పరీక్షలు నిర్వహించే సంస్థ. ఒంటారియోలో అది ఒక ప్రాంతంలోని బడులన్నిటినీ నడిపే స్థానిక పాలక సంస్థ. ప్రావిన్సులో ఇంగ్లిష్, ఫ్రెంచ్, సాధారణ, క్యాథలిక్ విభాగాలు కలిపి 72 జిల్లా బోర్డులున్నాయి. ప్రజలు నాలుగేళ్లకొకసారి, పురపాలక ఎన్నికలతో పాటే, బోర్డు సభ్యులను ఎన్నుకుంటారు. వీరిని ట్రస్టీలంటారు. ట్రస్టీలు విధానం నిర్ణయిస్తారు. వారు నియమించిన డైరెక్టర్, ఆయన కింది అధికారులు దాన్ని అమలు చేస్తారు. సమీక్ష నివేదిక రాసేది అధికారులు, ఓటు వేసేది ట్రస్టీలు.

1997 వరకు బోర్డులకు ఆస్తిపన్ను విధించే అధికారం ఉండేది. ఆ ఏడాది వచ్చిన రెండు చట్టాలు పరిస్థితిని మార్చేశాయి. ఒకటి బోర్డుల సంఖ్యను తగ్గించింది, రెండోది పన్ను అధికారాన్ని ప్రావిన్సు చేతికి అప్పగించింది. 1998 జనవరి 1న టొరంటోలోని పాత బోర్డులు కలిసి టొరంటో జిల్లా పాఠశాలా బోర్డు అయ్యాయి. ఒటావాలో రెండు బోర్డులు కలిసి ఒటావా-కార్ల్‌టన్ జిల్లా పాఠశాలా బోర్డు ఏర్పడింది. అప్పటి నుంచి నిధులు ప్రధానంగా విద్యార్థుల తలల లెక్క మీదే వస్తున్నాయి. పిల్లలు తక్కువగా ఉండే ప్రత్యామ్నాయ బడికి ఈ మార్పు మొదటి నుంచీ ఇబ్బందికరమే.

చారిత్రక నేపథ్యం

1960ల రెండో సగంలో ఉత్తర అమెరికా అంతటా బడి క్రమశిక్షణ మీద, మార్కుల మీద అసంతృప్తి పెరిగింది. ఎ.ఎస్. నీల్ 1921లో స్థాపించి, తర్వాత ఇంగ్లండుకు తరలించిన సమ్మర్‌హిల్ పాఠశాల అప్పటి ఉద్యమకారులకు ఆదర్శం. ఒంటారియోలో 1966లో ఎవర్‌డేల్ అనే స్వేచ్ఛా పాఠశాల మొదలైంది. 1968లో హాల్-డెన్నిస్ కమిటీ ప్రావిన్సు ప్రభుత్వానికి నివేదిక సమర్పించింది. న్యాయమూర్తి ఎమ్మెట్ హాల్, విద్యావేత్త లాయిడ్ డెన్నిస్ నేతృత్వంలోని ఆ కమిటీ 258 సిఫారసులు చేసింది. పిల్లవాడి ఆసక్తి కేంద్రంగా చదువు సాగాలన్నది వాటి సారం. ఆ నివేదిక మొత్తంగా అమలు కాకపోయినా, ప్రయోగాలకు బోర్డులు తలుపు తెరవడానికి అది దన్నుగా నిలిచింది.

అదే 1968లో టొరంటోలో హైస్కూలు విద్యార్థులకు వేసవి కార్యక్రమంగా మొదలైన ‘సీడ్’ తర్వాత పూర్తిస్థాయి బడిగా మారింది. ప్రాథమిక దశలో తొలి ప్రత్యామ్నాయ బడి ‘ఆల్ఫా’ 1972లో వచ్చింది. దాన్ని రూపొందించినది బోర్డు అధికారులు కాదు, తల్లిదండ్రులే. ప్రత్యామ్నాయం కోసం ఆశపడే చాలామంది మనుషులు అన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ మాటల పొడి అక్షరాలే ఆ పేరు. పెద్దలు సమావేశమై ఏకాభిప్రాయంతో నిర్ణయాలు తీసుకోవడం, వేర్వేరు వయసుల పిల్లలు కలిసి చదవడం, మార్కులకు బదులు మాటల్లో వివరణ రాయడం ఆల్ఫాతో మొదలైన పద్ధతులు. తర్వాత వచ్చిన బడులు కూడా వాటిని అందుకున్నాయి.

1970ల మధ్యలో పాలీన్ షర్ట్, వెర్న్ హార్పర్ అనే మూలవాసీ దంపతులు తమ పిల్లల కోసం ‘వాండరింగ్ స్పిరిట్’ బడిని ప్రారంభించారు. 1977లో టొరంటో బోర్డు దాన్ని తన ప్రత్యామ్నాయ పాఠశాలగా గుర్తించింది. మూలవాసుల భాష, సంస్కృతి పునాదిగా నడిచిన ఆ బడి ప్రత్యామ్నాయ విద్యకు మరో అర్థాన్ని చేర్చింది. బోధనా పద్ధతితో పాటు ఒక సమాజం తన గుర్తింపును నిలబెట్టుకునే మార్గం కూడా ఈ చట్రంలో ఇమిడిపోయింది. ఆ వరసలోనే ఆఫ్రికా చరిత్ర, సంస్కృతి కేంద్రంగా ఒక పాఠశాల పెట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. దాని మీద టొరంటోలో చాలాకాలం వాదోపవాదాలు నడిచాయి. రంగును బట్టి పిల్లలను మళ్లీ వేరుచేయడమేనని కొందరన్నారు. మామూలు బడిలో నల్లజాతి పిల్లలు వెనకబడుతున్నప్పుడు చేతులు కట్టుకు కూర్చోలేమని మరికొందరన్నారు. 2008 జనవరిలో ట్రస్టీలు 11-9 ఓట్లతో దాన్ని ఆమోదించారు. 2009 సెప్టెంబరులో ఆఫ్రిసెంట్రిక్ ప్రత్యామ్నాయ పాఠశాల తెరుచుకుంది. పర్యావరణం, సామాజిక న్యాయం ప్రధానాంశాలుగా గ్రోవ్ కమ్యూనిటీ పాఠశాల మొదలైంది కూడా ఆ ఏడే.

ఒటావాలో ఈ ధోరణి మరో రూపం తీసుకుంది. టొరంటోలో ఒక్కో బడికి ఒక్కో తత్వం ఉండగా, ఒటావా బోర్డు ఒకే ‘ప్రత్యామ్నాయ కార్యక్రమం’ రూపొందించి దాన్ని కొన్ని బడుల్లో అమలు చేసింది. లేడీ ఎవెలిన్, చర్చిల్, రివర్‌వ్యూ, రెజీనా స్ట్రీట్, సమ్మిట్ పాఠశాలలు దాని కింద నడిచాయి. ఈ తేడా తర్వాతి కథలో కీలకమైంది. టొరంటోలో బడులను ఒక్కొక్కటిగా తూచాల్సి వస్తే, ఒటావాలో ఒక్క తీర్మానంతో మొత్తం కార్యక్రమాన్ని ఎత్తివేయవచ్చు.

రకాలు

బోధనా తత్వం, పాఠ్యాంశం, సాంస్కృతిక గుర్తింపు అనే మూడు ప్రాతిపదికల మీద ఈ బడులను స్థూలంగా విడదీయవచ్చు. ఆల్ఫా, ఒటావా బడులు మొదటి కోవకు చెందుతాయి. టొరంటోలోని ఈక్వినాక్స్ పాఠశాల కూడా అంతే. ఆరుబయట నేర్చుకోవడానికి ప్రాధాన్యమిచ్చే సమగ్ర విద్యా దృక్పథం దానిది. పర్యావరణం వంటి ఇతివృత్తం చుట్టూ అల్లుకున్నవి రెండో కోవ, వాండరింగ్ స్పిరిట్, ఆఫ్రిసెంట్రిక్ మూడో కోవ. చాలా బడుల్లో రెండు మూడు లక్షణాలు కలిసే ఉంటాయి. సొంత భవనం అరుదు. పెద్ద బడి భవనంలో ఒక అంతస్తునో, కొన్ని గదులనో పంచుకుని నడిచేవి టొరంటోలో ఎక్కువ.

నడిచే తీరు

మిశ్రమ వయసు తరగతి వీటన్నిటిలో ప్రస్ఫుటంగా కనిపించే లక్షణం. రెండు మూడు తరగతుల పిల్లలు ఒకే గదిలో, ఒకే టీచరు దగ్గర ఒకటికి మించి సంవత్సరాలు ఉంటారు. మామూలు బడిలోనూ రెండు తరగతులు కలిపి నడిపే గదులుంటాయి. అక్కడ అది పిల్లల సంఖ్య సరిపోక చేసే సర్దుబాటు, ఇక్కడ కావాలని ఎంచుకున్న పద్ధతి. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పడం వల్ల ఇద్దరూ నేర్చుకుంటారన్నది దీని వెనకున్న నమ్మకం.

బహుమతులు, స్టిక్కర్లు, ర్యాంకులు తగ్గించడం మరో లక్షణం. ప్రావిన్సు నమూనాలోని ప్రోగ్రెస్ రిపోర్టు తప్పనిసరే. దాంతోపాటు పిల్లల పనుల సంకలనం, టీచరుతో తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి కూర్చునే సమావేశం వంటివి ఈ బడుల్లో ప్రధానమవుతాయి. ప్రాజెక్టు పని ఎక్కువ. తల్లిదండ్రులు తరగతి గదిలోకి వచ్చి పనిచేయడం వీటిలో పరిపాటి. నిజానికి ఆ భాగస్వామ్యం లేకపోతే ఈ బడులు నిలబడవు. విమర్శకులు వేలెత్తి చూపే బలహీనత కూడా అదే. రెండు షిఫ్టులు పనిచేసే తల్లి మధ్యాహ్నం పూట బడికి వచ్చి సాయం చేయలేదు.

మూడు, ఆరు తరగతుల్లో ప్రావిన్సు స్థాయి పరీక్ష ఈ పిల్లలకూ ఉంటుంది. టీచర్ల నియామకం ఉపాధ్యాయ సంఘంతో కుదిరిన ఒప్పందం ప్రకారమే జరగాలి. 2012లో ప్రావిన్సు తెచ్చిన ఒక నిబంధన నియామకాల్లో సీనియారిటీకి పెద్దపీట వేసింది. తమ తత్వానికి సరిపడే టీచర్లను ఎంచుకునే వీలు దానివల్ల తగ్గిపోయిందని ప్రత్యామ్నాయ బడులు వాపోయాయి. 2020లో ఆ నిబంధన రద్దయింది.

సమీక్ష జరిగే విధానం

సమీక్ష సాధారణంగా ఒక ట్రస్టీ తీర్మానంతోనో, బడ్జెట్ లోటుతోనో, విద్యార్థుల సంఖ్య అంచనాలతోనో మొదలవుతుంది. అధికారులు గణాంకాలు సేకరిస్తారు. ఎంతమంది చదువుతున్నారు, ఏ ప్రాంతాల నుంచి వస్తున్నారు, కుటుంబ ఆదాయం ఎంత, ప్రత్యేక విద్యా సహాయం పొందేవారు ఎందరు, రవాణా ఖర్చు ఎంత అన్నవి పట్టికలకెక్కుతాయి. తర్వాత ఆన్‌లైన్ సర్వే, బహిరంగ సమావేశాలు జరుగుతాయి. అధికారుల సిఫారసులు ట్రస్టీల కమిటీ ముందుకు వస్తాయి. అక్కడ ముందుగా పేరు నమోదు చేసుకున్న పౌరులు కొద్ది నిమిషాల పాటు మాట్లాడవచ్చు. ఆఖరున పూర్తి బోర్డు ఓటింగ్ జరుపుతుంది.

కార్యక్రమాన్ని ఆపాలని నిర్ణయిస్తే ఒక్కసారిగా ఆపడం అరుదు. దశలవారీ ఉపసంహరణ పద్ధతిలో కొత్త ప్రవేశాలు నిలిపివేసి, ఉన్న పిల్లలను చివరి తరగతి దాకా చదవనిస్తారు. కాగితం మీద ఇది ఉదారంగా కనిపిస్తుంది. ఆచరణలో ఏటేటా పిల్లలు తగ్గుతారు, వారితో పాటు నిధులూ తగ్గుతాయి, మిగులు టీచర్లు సీనియారిటీ క్రమంలో వేరే బడులకు వెళతారు. చిన్న తరగతుల పిల్లలు లేకపోతే మిశ్రమ వయసు పద్ధతికే అర్థముండదు. ఉపసంహరణ పూర్తికాక ముందే బడి స్వభావం మారిపోతుందని తల్లిదండ్రులు చెప్పేది అందుకే.

మూసివేత నిషేధంతో సంబంధం

2017 జూన్‌లో ఒంటారియో ప్రభుత్వం పాఠశాలల మూసివేతకు దారితీసే కొత్త సమీక్షలను నిలిపివేసింది. 2025 నాటికీ ఆ నిషేధం అమల్లో ఉంది. పిల్లలు తగ్గిన బడిని బోర్డు మూయలేదు, ఖర్చు మాత్రం తగ్గించుకోవాలి. కార్యక్రమాల సమీక్షకు ప్రాధాన్యం పెరిగిన పరిస్థితి ఇది. ప్రత్యామ్నాయ కార్యక్రమం రద్దయితే భవనం మూతపడదు, బడి పేరు మీద మామూలు తరగతులు నడుస్తాయి. కాబట్టి మూసివేతకు వర్తించే కఠినమైన నియమాలు దీనికి వర్తించవు. తలుపులు తెరిచే ఉన్నా తమ బడి లేకుండా పోయిందని తల్లిదండ్రులు అనడం వెనక ఈ లొసుగు ఉంది.

ఒటావా సమీక్ష, 2024-25

ఒటావా-కార్ల్‌టన్ బోర్డు 2024-25లో తన ప్రాథమిక కార్యక్రమాలన్నిటినీ కలిపి సమీక్షించింది. ఆ నగరం విషయంలో ఫ్రెంచ్‌ను పక్కనపెట్టి ఏదీ అర్థం కాదు. ఇంగ్లిష్‌తో పాటు రోజుకు కొంతసేపు ఫ్రెంచ్ చెప్పే కార్యక్రమం ఒకటి, ఒకటో తరగతి నుంచే పాఠాలు ఫ్రెంచ్‌లో సాగే ఇమ్మర్షన్ ఒకటి, నాలుగో తరగతి నుంచి మొదలయ్యే మధ్యస్థ ఇమ్మర్షన్ ఇంకొకటి, వీటికి తోడు ప్రత్యామ్నాయ కార్యక్రమం, ప్రత్యేక అవసరాల తరగతులు ఆ బోర్డులో నడుస్తున్నాయి. పై చదువులకు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు ఫ్రెంచ్ ఉపయోగం ఎక్కువ కాబట్టి స్థోమత ఉన్న కుటుంబాలు ఇమ్మర్షన్ వైపు మొగ్గుతాయి. ఫలితంగా కొత్త వలస కుటుంబాల పిల్లలు, పేద పిల్లలు, అభ్యసన ఇబ్బందులున్నవారు ఇంగ్లిష్ విభాగంలో కేంద్రీకృతమవుతున్నారని బోర్డు గుర్తించింది.

దీనికి విరుగుడుగా, వీలైనన్ని బడుల్లో ఇంగ్లిష్, ఫ్రెంచ్ ఇమ్మర్షన్ రెండూ అందించి, మధ్యస్థ ఇమ్మర్షన్‌నూ ప్రత్యామ్నాయ కార్యక్రమాన్నీ దశలవారీగా ఉపసంహరించాలని 2025 జనవరిలో అధికారులు సిఫారసు చేశారు. ప్రతి బిడ్డా ఇంటికి దగ్గరి బడిలోనే చదువుకోవాలన్నది దాని ఉద్దేశం. తర్వాతి నెలల్లో, ఏ ప్రాంతం పిల్లలు ఏ బడికి వెళ్లాలో చూపే పటాలు బయటికి వచ్చాయి. కొన్ని బడులను చిన్న తరగతులకు, కొన్నిటిని పై తరగతులకు పరిమితం చేసే ప్రతిపాదన కూడా వాటిలో ఉంది. దానితో అప్పటివరకు సమీక్ష ఊసే పట్టని కుటుంబాలు సైతం సమావేశాలకు తరలివచ్చాయి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వేర్వేరు బడులకు వెళ్లాల్సి వస్తుందన్న భయం అందరినీ కలిపింది. ప్రతిపాదనలను సవరించి, మే నెలలో ట్రస్టీల ముందు పెట్టారు. ప్రత్యామ్నాయ బడుల తల్లిదండ్రులకు ఈ విస్తృత ఆందోళన మేలు చేసిందా, కీడు చేసిందా అని చెప్పడం కష్టం. సభల్లో జనం పెరిగారు. చర్చ మాత్రం ఎక్కువగా పటాల చుట్టూనే తిరిగింది.

తల్లిదండ్రుల ఆందోళనలు

అన్నిటికన్నా బలంగా వినిపించినది ప్రత్యేక అవసరాలున్న పిల్లల తల్లిదండ్రుల మాట. ఆటిజం, ఏకాగ్రత లోపం, తీవ్రమైన బెరుకు ఉన్న పిల్లల్లో చాలామంది మామూలు తరగతిలో ఇమడలేక ప్రత్యామ్నాయ బడికి వచ్చినవారే. ఒంటారియోలో ప్రత్యేక విద్యకు సొంత యంత్రాంగం ఉంది. ఒక కమిటీ పిల్లవాడి స్థితిని అధికారికంగా గుర్తిస్తుంది, తర్వాత వ్యక్తిగత విద్యా ప్రణాళిక తయారవుతుంది. నిపుణుల అంచనా కోసం నిరీక్షణ సుదీర్ఘంగా ఉంటుంది. ప్రత్యామ్నాయ బడిలో ఆ ముద్ర పడకుండానే పిల్లవాడికి కావలసిన వెసులుబాటు దొరుకుతుందని తల్లిదండ్రులు అంటారు. తొందర పెట్టని తరగతి, పోల్చి చూపని టీచరు, చిన్న బడి అనే మూడూ కలిస్తేనే అది సాధ్యం. వీటిలో ఏ ఒక్కటీ ప్రణాళికా పత్రంలో సదుపాయంగా రాసివ్వగలిగేది కాదు. సమీక్ష పట్టికలో ఈ పిల్లలు ‘ప్రత్యేక విద్య పొందేవారి శాతం’ అనే గడిలో కనిపిస్తారు. ఆ గడి చెప్పగలిగేది అంతవరకే.

బడి మారడం ఇలాంటి పిల్లలకు మామూలు విషయం కాదన్నది దీనికి అనుబంధమైన ఆందోళన. ఒకసారి బడికి వెళ్లనని మొరాయించి, నెలల తరబడి ఇంట్లో ఉండిపోయి, చివరికి కుదురుకున్న బిడ్డను మళ్లీ కదపాలంటే తల్లిదండ్రులు జంకుతారు. ఉన్నవారిని చివరి తరగతి దాకా చదవనిస్తామన్న హామీ ఇక్కడ కొంత ఊరటే. కానీ తోబుట్టువులకు ప్రవేశం లేకపోతే ఇంట్లో ఇద్దరు పిల్లలు, రెండు బడులు, రెండు వేళలు అవుతాయి. బడికి ముందూ వెనకా పిల్లలను చూసుకునే కేంద్రాల్లో చోటు దొరకడం ఒటావా, టొరంటోల్లో సులువు కాదు. ఉద్యోగస్తులైన తల్లిదండ్రులు దీన్ని బోధనా తత్వంతో సమానమైన సమస్యగా చూపారు.

ప్రత్యామ్నాయ పద్ధతిలోని మంచి అంశాలను అన్ని బడులకూ విస్తరిస్తామని బోర్డులు సమాధానమిస్తాయి. తల్లిదండ్రులు ఎక్కువగా సందేహించేది ఈ హామీనే. ప్రాజెక్టు పని, పిల్లల ఆసక్తికి చోటివ్వడం ఇప్పటికే ప్రావిన్సు పాఠ్యప్రణాళికలో ఉన్నాయి. మిశ్రమ వయసు తరగతి, బహుమతులు లేని వాతావరణం, ఏకాభిప్రాయ నిర్ణయాలు మాత్రం బడి మొత్తం ఒప్పుకుంటేనే నడుస్తాయి. ఒక టీచరు తన గదిలో స్టిక్కర్లు మానేసినా పక్క గదిలో కొనసాగితే పిల్లలకు అందేది గందరగోళమే.

సమీక్షా ప్రక్రియ మీద కూడా ఫిర్యాదులున్నాయి. సర్వే ప్రశ్నలు ముందే తేల్చుకున్న జవాబు వైపు నడిపిస్తున్నాయని, నిర్ణయం జరిగాక సంప్రదింపులు జరుపుతున్నారని, నివేదిక వెలువడిన కొద్ది రోజులకే ఓటింగ్ పెడుతున్నారని తల్లిదండ్రుల మండళ్లు ఆరోపించడం ఇలాంటి సమీక్షల్లో సర్వసాధారణం. ప్రవేశాల సంఖ్య తగ్గిందన్న వాదనను వారు తిప్పికొట్టే తీరు గమనించదగ్గది. కార్యక్రమం గురించి బోర్డు ప్రచారం చేయదు, భవిష్యత్తు అనిశ్చితమని వార్తలు వస్తాయి, కొత్త కుటుంబాలు వెనకడుగు వేస్తాయి, తగ్గిన సంఖ్యనే తర్వాత రద్దుకు కారణంగా చూపుతారు. ఇందులో ఎంత నిజమో బడిని బట్టి మారుతుంది. ఒకవైపు నిరీక్షణ జాబితాలున్న బడులు, మరోవైపు సీట్లు మిగిలే బడులు ఒకే కార్యక్రమంలో ఉండవచ్చు.

తల్లిదండ్రులంతా ఒక్క మాట మీద లేరు. మామూలు బడుల్లో పిల్లలున్న కొందరు సమీక్షను స్వాగతించారు. తమ బడిలో సహాయక సిబ్బంది కొరత ఉండగా కొద్దిమంది కోసం వేరే ఏర్పాట్లు ఎందుకన్నది వారి ప్రశ్న.

బోర్డుల వాదన

బోర్డులు ముందుపెట్టే అంశం సమానత్వం. ఎంపిక అనేది సమాచారం, తీరిక, వాహనం ఉన్న కుటుంబాలకే దక్కుతుందన్న విమర్శకు పరిశోధన మద్దతు కొంత ఉంది. రూబెన్ గజ్తాంబిదె-ఫెర్నాండెజ్, జిలియన్ పరేఖ్ 2017లో ప్రచురించిన అధ్యయనం టొరంటోలోని ప్రత్యేక కళా కార్యక్రమాల విద్యార్థులు బోర్డు సగటు కన్నా సంపన్న కుటుంబాల నుంచి, ఎక్కువగా తెల్లజాతి కుటుంబాల నుంచి వస్తున్నారని చూపింది. అదే ఏడాది టొరంటో బోర్డు నియమించిన సమానత్వ కార్యబృందం ముసాయిదా ప్రత్యేక పాఠశాలల భవితవ్యాన్ని ప్రశ్నించింది. తల్లిదండ్రులు, విద్యార్థులు తీవ్రంగా వ్యతిరేకించడంతో బోర్డు వెనక్కి తగ్గింది. 2022లో మరో దారి పట్టి, ప్రత్యేక ఆసక్తి కార్యక్రమాల్లో ప్రతిభా పరీక్షలు తీసివేసి లాటరీ పద్ధతి తేవాలని ట్రస్టీలు నిర్ణయించారు.

అయితే కళా పాఠశాలల మీద జరిగిన అధ్యయనాన్ని ప్రాథమిక ప్రత్యామ్నాయ బడులకు యథాతథంగా వర్తింపజేయడం కుదరదు. వీటిలో ప్రతిభా పరీక్ష లేదు. ఆఫ్రిసెంట్రిక్, వాండరింగ్ స్పిరిట్ బడులు ఏ వర్గం కోసం ఏర్పడ్డాయో చూస్తే ఆ విమర్శ తలకిందులవుతుంది. సమీక్షలు ఇన్ని రకాల బడులను ఒకే పేరు కింద లెక్కించినప్పుడు ఈ తేడా కనుమరుగవుతుంది.

ఖర్చు విషయంలో బోర్డుల ఇబ్బంది వాస్తవం. చిన్న బడికీ ప్రిన్సిపల్, కార్యాలయ సిబ్బంది, గ్రంథాలయం కావాలి. కిండర్‌గార్టెన్ తర్వాత మూడో తరగతి వరకు నూటికి తొంభై తరగతుల్లో 20 మందికి మించి, ఏ తరగతిలోనూ 23 మందికి మించి పిల్లలు ఉండకూడదన్న ప్రావిన్సు నిబంధన వల్ల, పిల్లలు పలుచగా చెదిరిన చోట టీచర్ల అవసరం పెరుగుతుంది. బస్సు మార్గాలు పొడవవుతాయి.

చట్టంలో స్థానం

ఒంటారియో విద్యా చట్టంలో ప్రత్యామ్నాయ ప్రాథమిక పాఠశాలకు ప్రత్యేక రక్షణ లేదు. అది బోర్డు విధానం మీద ఆధారపడి పుట్టింది, ఆ విధానం మారితే పోతుంది. ఫ్రెంచ్ మాతృభాషగా గలవారి విద్యకు, క్యాథలిక్ విద్యకు ఉన్న రాజ్యాంగ రక్షణతో పోలిస్తే ఈ బలహీనత స్పష్టమవుతుంది. అల్బెర్టా ప్రావిన్సు చట్టం మాత్రం ఒక భాషకో, సంస్కృతికో, మతానికో, పాఠ్యాంశానికో ప్రాధాన్యమిచ్చేది లేదా ఒక ప్రత్యేక బోధనా తత్వాన్ని అనుసరించేది ప్రత్యామ్నాయ కార్యక్రమమని నిర్వచించి, దాన్ని ఏర్పాటు చేసే అధికారాన్ని బోర్డులకు ఇచ్చింది.

ప్రతి బడిలో తల్లిదండ్రులు మెజారిటీగా ఉండే పాఠశాలా మండలి తప్పనిసరి. దాని సలహాలు వినాలి తప్ప పాటించాలన్న నియమం లేదు. ప్రత్యేక విద్యపై సలహా కమిటీ బోర్డు స్థాయిలో ఉంటుంది. దాని హోదా కూడా సలహాకే పరిమితం.

తెలుగు రాష్ట్రాలతో పోలిక

భారతదేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి. బడుల పునర్వ్యవస్థీకరణ మాత్రం రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వులతో జరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి జి.ఓ. 117 మూడు నుంచి ఐదో తరగతి పిల్లలను ఉన్నత పాఠశాలలకు అనుసంధానించినప్పుడు ఊళ్లలో తల్లిదండ్రులు నిరసన తెలిపారు. దూరం, రహదారి దాటడం, చిన్న పిల్లలు పెద్దవారి మధ్య ఇమడటం వారి అభ్యంతరాలు. 2025లో ప్రభుత్వం ఆ ఉత్తర్వును పక్కనపెట్టి కొత్తవి జారీచేసింది. ఒటావా తల్లిదండ్రుల ప్రశ్నల్లో సగం ఇలాంటి అభ్యంతరాలే. మిగతా సగం, అంటే బోధనా తత్వాన్ని కాపాడుకోవడం, ఆంధ్రప్రదేశ్‌లో తలెత్తలేదు.

ఆ అంశంలో మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ సరైన పోలిక. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడుల కోసం మిశ్రమ వయసు బోధనా సామగ్రిని రూపొందించింది. కార్డుల సాయంతో ప్రతి బిడ్డా తన వేగంతో ముందుకు సాగే ఆ పద్ధతి తమిళనాడు ప్రభుత్వ బడుల్లో కృత్యాధార బోధనకు ప్రేరణ అయింది. (చూడండి: బహుళ తరగతి బోధన, జిడ్డు కృష్ణమూర్తి)

ప్రావిన్సు పర్యవేక్షణ

2025 జూన్ 27న ఒంటారియో ప్రభుత్వం ఆర్థిక నిర్వహణ బాగా లేదంటూ టొరంటో, ఒటావా-కార్ల్‌టన్ బోర్డులతో పాటు టొరంటో, డఫరిన్-పీల్ క్యాథలిక్ బోర్డులను కూడా పర్యవేక్షణలోకి తీసుకుంది. ఒటావాకు రాబర్ట్ ప్లమన్‌డన్‌ను పర్యవేక్షకుడిగా నియమించింది. పర్యవేక్షణ ఉన్నంతకాలం ట్రస్టీల నిర్ణయాధికారం ఆయనదే. ప్రాథమిక కార్యక్రమాల మార్పులను అమలు చేయాలా, ఆపాలా అన్నది కూడా ఆ అధికారంలోకి వచ్చింది.

ప్రత్యామ్నాయ బడుల మద్దతుదారులకు ఇది రెండు వైపులా పదునున్న పరిణామం. తమకు నచ్చని సిఫారసులను కొత్త అధికారి తోసిపుచ్చే అవకాశం ఉంది. అయితే 1972 నుంచి ఈ బడులను పుట్టించిందీ, సమీక్షల్లో నిలబెట్టిందీ తల్లిదండ్రులు తమ ట్రస్టీ దగ్గరకు వెళ్లి నిలదీయగలగడమే. పర్యవేక్షకుణ్ణి ఎవరూ ఎన్నుకోలేదు, ఆయన జవాబుదారీ విద్యామంత్రికే. పేరు నమోదు చేసుకుని కొద్ది నిమిషాలు మాట్లాడే ఆ పాత హక్కు ఏ వేదిక మీద, ఎవరి ముందు వినియోగించుకోవాలన్నది తల్లిదండ్రుల ఆందోళనల జాబితాలో కొత్తగా చేరిన అంశం.